విలియం బర్డు : రెండు మతముల నడుమ ఒక ఆంగ్ల దేవాలయ సంగీతకర్త

క్రీ. శ. 1605వ సంవత్సరమున లండను నగరమునందు ఛార్లెస్ డ లిన్యీ అను విదేశీయుడొకడు నిర్బంధింపబడెను. అతనియొద్ద దొరకినది ఆయుధము కాదు, కుట్రపత్రము కాదు, కొన్ని సంగీతపుస్తకములు. రోమను కాథలిక్కుల పూజకు తగిన లాటిను పాటలు వానియందు అచ్చువేయబడి యుండెను. ఆ నేరమునకే అతనిని న్యూగేటు చెరసాలకు పంపిరి. ఆ పాటలకు స్వరములు కూర్చిన విలియం బర్డు మాత్రము అదే కాలమున, ఇంగ్లాండు రాజుయొక్క సొంత దేవాలయబృందమగు చాపెల్ రాయల్‌నందు ఆస్థానగాయకుడై యుండెను. పుస్తకము చేతబట్టినవాడు చెరసాలలో, వ్రాసినవాడు రాజసేవలో! ఈ వైచిత్ర్యము ఎట్లు పొసగెనో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బర్డు పుట్టిన కాలమున ఇంగ్లాండునందు మతము రాజుతోపాటు మారుచుండెను. ఎనిమిదవ హెన్రీ 1534లో పోపుతో తెగతెంపులు చేసికొని తానే దేశపు దేవాలయవ్యవస్థకు అధిపతి యయ్యెను. అతని కుమారుడగు ఆరవ ఎడ్వర్డు కాలమున, 1549లో, లాటిను ప్రార్థనలకు బదులు ఇంగ్లీషు ప్రార్థనాగ్రంథము ప్రవేశపెట్టబడెను. 1553లో సింహాసన మెక్కిన మేరీ రాణి లాటినును, పోపుయొక్క అధికారమును తిరిగి తెచ్చెను. ఆమె 1558లో చనిపోగా ఎలిజబెత్తు వచ్చి, 1559నాటి శాసనముతో మరల ఇంగ్లీషు ప్రార్థనను నెలకొల్పెను. ఇరువదియైదేండ్లలో ఇన్ని మార్పులు! దేవాలయగాయకుని మాట చెప్పవలెనా? నిన్న పాడినది నేడు నేరము. నేడు పాడునది రేపేమగునో తెలియదు. బర్డునకు గురువని చెప్పబడు థామస్ టాలిస్ ఈ నలుగురి ప్రభుత్వములను చూచి, ప్రతిదానికిని తగిన సంగీతమును కూర్చి, 1585లో శాంతముగా కన్ను మూసెను. శిష్యునకు అంతటి ఓర్పు లేదు.

ఆ సంగీతపు రీతిని గూర్చి కొంచెము చెప్పనిదే తరువాతి కథ బోధపడదు. మన కృతిలో ఎందరు గాయకులున్నను పాడునది ఒకే వరుస. ఆ వరుసను గమకములతో, సంగతులతో విస్తరించుట మన పద్ధతి. పదునారవ శతాబ్దపు ఐరోపా దేవాలయసంగీతమునందు నలుగురో, ఐదుగురో, ఆరుగురో గాయకులు ఒకే కాలమున వేర్వేరు వరుసలు పాడుదురు. ఒక కంఠము ఒక మాటను ఒక స్వరపంక్తితో ఎత్తుకొనగా, రెండవ కంఠము కొంత ఆగి అదే పంక్తిని పైస్థాయిలోనో క్రిందిస్థాయిలోనో అందుకొనును. మూడవది, నాల్గవది అట్లే వచ్చి చేరును. అన్నియు స్వతంత్రముగా నడచుచునే ఒకదానితో నొకటి పొసగవలెను. నడుమనడుమ రెండు స్వరములు ఒరసికొని, విని యోర్వరాని వేదనను కలిగించి, మరుక్షణమున విడివడి సమాధానపడును. బర్డుయొక్క శక్తి అంతయు ఈ ఒరపిడిలోను, ఈ విడుదలలోను ఉన్నది. కొత్త మతాధికారులకు నచ్చనిదియు ఈ పద్ధతియే. కంఠములు పెనవైచికొన్నప్పుడు మాటలు స్పష్టముగా వినబడవు గదా. పాట యుండవచ్చునుగాని మాట తెలియవలెనని 1559లో రాణిపేర వెలువడిన ఆజ్ఞలు విధించెను.

బర్డు సుమారు 1540 ప్రాంతమున లండనునందు జన్మించెను. 1598లో ఒక న్యాయపత్రమునందు తన వయస్సు ఏబదియెనిమిదో ఆ ప్రాంతమో అని తానే చెప్పుకొనుటవలన ఈ సంవత్సరము ఊహింపబడుచున్నది. 1563లో లింకన్ పట్టణమునందలి బిషప్పు దేవాలయమున ఆర్గను వాద్యకారుడుగను, గాయకబాలురకు ఉపాధ్యాయుడుగను ప్రవేశించెను. ఏటికి జీతము 13 పౌనుల 6 షిల్లింగుల 8 పెన్నీలు. ఈ మొత్తమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. 1568లో జూలియానా బర్లీ అను నామెను వివాహమాడెను. మరుసటి సంవత్సరమున దేవాలయాధికారులు అతని జీతము నిలిపివేసిరి. కారణము పత్రములలో లేదు. అయితే ఆ వెనుక ఆర్గను వాద్యమును ఎంతమట్టుకు వాయింపవచ్చునో నిర్ణయించుచు ఆజ్ఞ ఒకటి కనబడుచున్నది గనుక, యువకుడు హద్దుమీరి వాయించె నని వారు తలచిరేమో.

1572 ఆరంభమున రాబర్టు పార్సన్స్ అను ఆస్థానసంగీతజ్ఞుడు ట్రెంట్ నదిలో మునిగి మరణింపగా, ఆ ఖాళీలో బర్డు చాపెల్ రాయల్‌నందు చేరెను. 1575లో ఎలిజబెత్తు రాణి టాలిసునకును బర్డునకును కలిపి ఒక అపూర్వమైన హక్కు నొసగెను: ఇరువది యొక సంవత్సరములపాటు ఇంగ్లాండులో సంగీతమును అచ్చువేయుటయు, స్వరములు వ్రాయు గీతల కాగితమును అమ్ముటయు వారికే చెల్లును. ఆ యేడే గురుశిష్యులు తమ లాటిను పాటలను 'కాంతియోనెస్ సాక్రే' అను పేర ప్రకటించి రాణికి అంకితమిచ్చిరి. అది ఆమె పరిపాలన పదునేడవ సంవత్సరము. ఒక్కొక్కరివి పదునేడు చొప్పున 34 పాటలు. భక్తి, రాజభక్తి, లెక్క మూడును కుదిరినవి. అమ్మకము మాత్రము కుదరలేదు. 1577లో ఇద్దరును తమ నష్టమును విన్నవించుకొనగా రాణి వారికి కొంత భూమిని కౌలునకిచ్చి ఆదుకొనెను.

అదే 1577లో మఱియొక పత్రమునందు బర్డు ఇంటిపేరు కనబడుచున్నది. అప్పటికి అతడు లండనునకు పడమటనున్న హార్లింగ్టన్ గ్రామమున కాపురముండెను. అతని భార్య జూలియానా ఆదివారమున గ్రామదేవాలయపు ఇంగ్లీషు ప్రార్థనకు రాకుండుటచే ఆమెపై నేరారోపణ జరిగెను. 1570లో పోపు ఎలిజబెత్తును మతబహిష్కృతురాలిగా ప్రకటించి, ప్రజలు ఆమెకు విధేయులు కానక్కరలేదని శాసించెను. నాటినుండి కాథలిక్కనగానే రాజద్రోహి యను శంక పుట్టెను. 1581నాటి శాసనము దేవాలయమునకు రానివారికి నెలకు 20 పౌనుల జుల్మానా విధించెను. లింకనులో బర్డు ఏడాది పొడవున వాయించి సంపాదించిన దానికంటె నెల జుల్మానా ఎక్కువ! ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఎడ్మండ్ కాంపియన్ అను జెసూటు గురువును ఉరితీసి, దేహమును ఖండించిరి. ఆ మరణమును గూర్చి హెన్రీ వాల్పోల్ వ్రాసిన ఇంగ్లీషు పద్యము ప్రభుత్వమునకు ఆగ్రహకారణమయ్యెను. బర్డు దానికి స్వరములు కూర్చెను. 1588లో అచ్చు వేయునప్పుడు మాత్రము, కాంపియను పేరురాని మొదటి చరణము నుంచి, తక్కిన చరణములు మార్చెను. భయమెంతయో, సాహసమెంతయో ఈ ఒక్క సంగతివలన కొలువవచ్చును.

ఇంటిపై నిఘా వచ్చెను, సోదాలు జరిగెను, పూచీకత్తులు వ్రాయవలసివచ్చెను. అయినను 1586 జూలై నెలలో ఒక పల్లెటూరి భవనమున రహస్యముగా గుమిగూడిన జెసూటు గురువులలో బర్డు ఉండెనని, అచటికి వచ్చిన విలియం వెస్టను అను గురువు తన జీవితకథలో వ్రాసినాడు. కొద్దికాలము క్రితమే ఇంగ్లాండునకు వచ్చిన హెన్రీ గార్నెట్టును, కవియగు రాబర్టు సౌత్‌వెల్లును అచట నుండిరి. ఈ ఇద్దరును తరువాత ఉరికంబమెక్కిరి. బర్డు ఎక్కలేదు. రాణికి సంగీతమనిన ప్రీతి; ఆస్థానమున అతనికి కాథలిక్కు ప్రభువుల అండ యుండెను; అతడు రాజద్రోహము తలపెట్టిన జాడ ఎచటను లేదు. ఈ మూడింటిలో ఏది ఎంత కాపాడెనో విడదీసి చెప్పుట కష్టము.

ఈ కాలముననే జరిగిన ఒక చిన్న సంఘటన నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది. చక్రవర్తి ఆస్థానమున సంగీతాధిపతియగు ఫిలిప్ డ మోంటి 1583లో బర్డునకు ఎనిమిది కంఠముల పాట నొకదానిని పంపెను. దాని సాహిత్యము బైబిలులోని ఒక కీర్తన. బబులోనునకు చెరపట్టబడిన యూదులు నదీతీరమున కూర్చుండి, తమ పురమును తలచుకొని విలపించుటయు, తమను పట్టినవారు పాట పాడుమనగా పరదేశమున ఎట్లు పాడగలమని ప్రశ్నించుటయు అందలి విషయము. (బైబిలు పాటలకు మన అనువాదకులు 'కీర్తనలు' అను పేరే యిచ్చినారు, అన్నమయ్య నాటినుండి మన చెవికి అలవాటైన మాట యది.) ఆ విషాదవాక్యములను మోంటి తారుమారు చేసి కూర్చెను. మరుసటి యేడు, 1584లో, బర్డు ఎనిమిది కంఠములకే వ్రాసి ప్రత్యుత్తరము పంపెను. అతడు అదే కీర్తనలో ఆ ప్రశ్నతోనే యెత్తుకొని, పురమును మరచినచో నా కుడిచేయి పనికిమాలునుగాక అను ప్రతిజ్ఞ వరకు సాగినాడు. ఉత్తరములో వ్రాసిన పట్టుబడు మాటలు ఇవి. పాటలో పంపగా పట్టుకొనువారు లేరు. తరతరములుగా ఇతర భాషా ప్రాంతములందు నివసించు మనవారికి ఆ కీర్తనభావము వివరింప నక్కరలేదు. బర్డు స్థితి అంతకంటె విపరీతము. అతడు దేశము విడువలేదు; దేశమే అతని క్రిందనుండి జరిగిపోయినది.

1589లోను, 1591లోను అతడు ప్రకటించిన లాటిను పాటల సంపుటములలో ఈ చెరసాల భావమే మాటిమాటికి వచ్చుచున్నది: పాడుపడిన యెరూషలేము, విమోచనము కొఱకు మొరలిడు జనము, దేవుని సేవకుల శవములను పక్షులకు వైచిన శత్రువులు. ఈ చివరి పాట కాంపియను మరణమును తలచి కట్టినదని పలువురు పండితులు భావించినారు. సాహిత్యమంతయు బైబిలుదే గనుక ఏ అధికారియు దానిని తప్పుపట్టలేడు, ఎఱిగినవాడు ఎఱుగును. 'నె ఇరాస్కారిస్' అను పాటయందు సీయోను ఎడారియైనదని చెప్పుచోట, అంతవరకు పెనవైచికొనుచు సాగిన కంఠములు తటాలున ఒక్కమాటగా, నెమ్మదిగా పలుకును. ఆ నిశ్చలతయే శూన్యమైన పట్టణమును చూపును. యెరూషలేమను మాట వచ్చినంతనే మరల విడివడి, ఆ పేరును ఒకరి తరువాత ఒకరు విడువలేక విడువలేక పిలుతురు.

1593 ప్రాంతమున బర్డు ఆస్థానమునకు కొంత దూరమై, ఎసెక్స్ మండలమునందలి స్టాండన్ మాసీ గ్రామమునకు కాపురము మార్చెను. సమీపముననే ఇంగేట్‌స్టన్ గ్రామమున పీటర్ వంశపు ప్రభువుల భవనము కలదు. వారు కాథలిక్కులు, గురువులు దాగుటకు గోడలలో గుప్తముగా కట్టిన అరలు ఆ యింట నేటికిని చూపుదురు. బర్డు స్థిరపడిన భూమి మాత్రము వివాదముతో కూడినది. అది రాజద్రోహ నేరముపై షెల్లీ అను కాథలిక్కు కుటుంబమునుండి ప్రభుత్వము లాగికొన్నది. ఆ యింటి వితంతువు తన ఆస్తిని తనకిమ్మని ఏండ్ల తరబడి పోరాడగా, బర్డు ఇవ్వక ఎదురు వ్యాజ్యమాడెను. ఆమె 1610లో మరణించిన పిమ్మట దానిని కొనివైచెను. స్వమతస్థురాలిపైనే ఈ పట్టుదల! సంగీతమును మెచ్చుకొనువారు ఈ అధ్యాయమును దాటవేయుదురుగాని, మనిషి పూర్తిగా తెలియవలెనన్న ఇదియు తెలియవలెను.

ఆ గ్రామజీవితముననే అతని మూడు మాసులు వెలువడినవి. మాసనగా కాథలిక్కుల దివ్యబలిపూజ. అందు ఎల్లప్పుడు మారకుండ పాడు ఐదు భాగములకు స్వరములు కూర్చిన కృతికిని అదే పేరు. ఇంగ్లాండునందు మేరీ రాణి మరణించిన తరువాత ముప్పదియేండ్లుగా ఇట్టి కృతిని వ్రాసినవారు లేరు; పూజయే నేరమైనప్పుడు పూజాసంగీత మేల? బర్డు నాలుగు, మూడు, ఐదు కంఠములకు మూడు మాసులు వ్రాసి, 1592 మొదలు 1595 ప్రాంతము వరకు ఒకదాని వెంట ఒకటిగా అచ్చువేయించెను. వానికి ముఖపత్రము లేదు, ముద్రాపకుని పేరు లేదు, సంవత్సరము లేదు. అచ్చక్షరముల అరుగుదలను ఒండొంటితో పోల్చి పండితులు ఈ కాలమును నిర్ణయించినారు. విచిత్రమేమనగా పుటల పైభాగమున కర్తపేరు మాత్రము ఉన్నది. ముద్రాపకుని దాచి తన్ను దాచుకొనని ఈ ధైర్యమునకు ఏమి పేరు పెట్టవలెనో నాకు తోచదు.

నాటి పుస్తకములలో అన్ని కంఠములును ఒకేచోట ఉండెడివి కావు. ఒక్కొక్క కంఠమునకు ఒక్కొక్క చిన్న పుస్తకము. నాలుగు పుస్తకములు, నలుగురు మనుష్యులు, ఒక బల్ల, తలుపుల వద్ద కావలి: ఇంతలో పూజ జరుగును. ఈ మాసులు పెద్ద గాయకబృందములకు గాక ఇట్టి యిండ్ల కొఱకే కొలత చూచి కట్టినట్లు కనబడును; మాటలను ఒకటికి రెండుసార్లు పాడించుటగూడ తక్కువ. నాలుగు కంఠముల మాసులో సాంక్తుస్ అను భాగమును అతడు టావర్నర్ అను పూర్వికుని మాసును పోలునట్లు ఎత్తుకొనెను. తెగిపోయిన దారమును తెగినచోటనే పట్టుకొనుట యన్నమాట. విశ్వాసప్రమాణమున ఏకమును పవిత్రమును సార్వత్రికమునగు సంఘమను మాట వచ్చినచోట సంగీతము గట్టిపడి నొక్కి పలుకును. అందలి 'కాథలిక్' అను పదమును పాడువారు ఎట్టి మనస్సుతో పాడియుందురో! చివరి భాగము శాంతిని అర్థించు ప్రార్థన. మొదట రెండే కంఠములు, పిమ్మట మూడు, అంతమున నాలుగు. చివర శాంతి యను మాటపై కంఠములు ఒకదాని నొకటి మెట్టుమెట్టుగ ఒరసికొనుచు దిగివచ్చును. ప్రతి ఒరపిడియు తీరకముందే మఱియొకటి పుట్టును. శాంతి కావలెనని అడుగుటే గాని, దొరకినదన్న నమ్మకము చివరి స్వరము వరకు లేదు.

తరువాత అతడు ఇంకను పెద్ద పనికి పూనుకొనెను. మాసులోని మారని భాగములే గాక, సంవత్సరమందలి ముఖ్యమైన పండుగలకు ఆయా దినమున మారు భాగములన్నింటికిని స్వరములు కూర్చి, 1605లోను 1607లోను 'గ్రాదువాలియా' అను రెండు సంపుటములుగా ప్రకటించెను. మొత్తము నూటికి పైగా పాటలు. రెండవ సంపుటము జాన్ పీటర్ ప్రభువునకు అంకితము. పవిత్రవాక్యములను శ్రద్ధతో మననము చేయువానికి తగిన స్వరములు తమంతట తామే వచ్చునని, ఆ మాటలలోనే నిగూఢమైన శక్తి యున్నదని తొలి సంపుటపు పీఠికలో వ్రాసికొన్నాడు. మన వాగ్గేయకారులు ఒప్పుకొనదగిన మాట! ఆ సంపుటములోని 'ఆవే వేరుం కోర్పుస్' నేడు లోకమంతట పాడబడుచున్నది. అందు ఎత్తుగడలోనే పై కంఠము ఒక స్వరమును తీవ్రముగ పాడిన వెంటనే అడుగు కంఠము దానినే కోమలము చేసి పాడును. మన పరిభాషలో కాకలి నిషాదము వెంట కైశికి నిషాదము వచ్చినట్లు. ఒక్క రెప్పపాటు కాలమే. అయినను ఆ నొప్పి పాట ముగియువరకు మనస్సును వదలదు.

1605 నవంబరు 5వ తేదీన పార్లమెంటు భవనమును మందుగుండుతో పేల్చివేయదలచిన కొందరు కాథలిక్కుల కుట్ర బయటపడెను. తొలి సంపుటము వెలువడిన సంవత్సరమే ఇది. ఇక ఆ పుస్తకము కలిగియుండుటే ప్రమాదము. వ్యాసారంభమున చెప్పిన డ లిన్యీ కథ అందులకు సాక్ష్యము. 1610లో గాలి కొంత చల్లబడిన పిమ్మట రెండు సంపుటములును మరల విడుదలయ్యెను.

ఇంతవరకు చెప్పినది చదివి, బర్డు రాజదేవాలయపు ఇంగ్లీషు సంగీతమును కూటికొఱకు మనసులేక వ్రాసెనని తలచినచో పొరపాటు. అతని 'గ్రేట్ సర్వీస్' ఆ సంప్రదాయమున శిఖరము. గాయకులను రెండు పక్షములుగ ఎదురెదురు నిలిపి, ఒకచో ఐదు, ఒకచో ఎనిమిది, ఒకచో పది కంఠములుగ విస్తరించుచు, మాట మాటయు తెలియునట్లు నడపినాడు. తాను నమ్మని ప్రార్థనకు ఇంత ప్రేమతో ఎట్లు వ్రాసెనని కొందరు ఆశ్చర్యపడుదురు. ఆ ప్రార్థనలోని కీర్తనలు, స్తోత్రములు ఉభయులకును ఉమ్మడివే గదా! అతనికి కొరత దేవుని విషయమున గాదు, పూజావిధి విషయమున.

వాద్యసంగీతమునందును అతడు గొప్పవాడే. 1591లో జాన్ బాల్డ్విన్ అందమైన చేవ్రాతతో వ్రాసిన నెవెల్ ప్రభ్వి పుస్తకమునందు అతని మీటలవాద్యపు కృతులు 42 కలవు. శిష్యులలో థామస్ మోర్లీ, థామస్ టాంకిన్స్ ప్రసిద్ధులు. మోర్లీ 1597లో ప్రకటించిన సంగీతశాస్త్రగ్రంథమును గురువునకే అంకితమిచ్చెను.

1622 నవంబరులో వ్రాసిన మరణశాసనమున, తాను కాథలిక్కు సంఘమునందే జీవించి మరణింప గోరుచున్నానని బర్డు దాపరికము లేకుండ వ్రాసెను. స్టాండన్ గ్రామమున భార్యప్రక్కన పూడ్చుమని కోరెను. 1623 జూలై 4వ తేదీన మరణించెను. చాపెల్ రాయల్ వారు తమ లెక్కపుస్తకములో ఆ మరణమును నమోదు చేయుచు, అతనిని సంగీతమునకు తండ్రియని పేర్కొనిరి. అట్టి విశేషణములు వ్రాయు పుస్తకము కాదది.

తరువాత చాలకాలము కాథలిక్కుల పాటలు పుస్తకశాలలలో మూలబడినవి. ఇరువదవ శతాబ్దారంభమున లండనులోని వెస్ట్‌మినిస్టర్ కాథలిక్కు దేవాలయమున రిచర్డ్ టెరీ వానిని పూజలో తిరిగి పాడించెను. 'గ్రేట్ సర్వీస్' వ్రాతప్రతులు 1922లో డర్‌హాం దేవాలయమున ఎడ్మండ్ ఫెలోస్‌నకు దొరకినవి. 2023 మే 6వ తేదీన, బర్డు మరణించి నన్నూరేండ్లు నిండుటకు రెండు నెలలు తక్కువగ నుండగా, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మూడవ ఛార్లెసునకు పట్టాభిషేకము జరిగెను. ఆంగ్ల సంఘమునకు అధిపతియగు ఆ రాజు ఎదుట నాడు పాడిన పాటలలో, ముఖపత్రము లేకుండ అచ్చుపడిన ఆ నాలుగు కంఠముల మాసునుండి గ్లోరియా భాగము లాటినులోనే వినబడినది.